రోలాండ్ గారోస్‌లో చిన్న కోర్టుల టిక్కెట్టుతో ఒక రోజంతా ఎలా గడపాలి

మే నెల వస్తోందంటే నా ఫోనుకి రెండు రకాల మెసేజీలు మొదలవుతాయి. ఒకటి, ఆవకాయ ఎవరి చేత పంపించను అని అమ్మ. రెండోది, "అక్కా, ఫ్రెంచ్ ఓపెన్ మీ ఇంటి పక్కనేగా, టిక్కెట్లు దొరుకుతాయా" అని ఎవరో ఒకరు. మేం ఉండేది పారిస్ పక్కన బులోన్‌లో. ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాండ్ గారోస్ స్టేడియానికి నడిస్తే పావుగంట. పదకొండేళ్ళుగా మరుదుల్ని, వదినల్ని, వాళ్ళ ఆఫీసు స్నేహితుల్ని తీసుకెళ్తూనే ఉన్నాను. తెలిసిందంతా ఒకచోట రాసిపెడితే ఇంకెవరడిగినా ఇదే పంపించొచ్చు కదా అని ఈ పని పెట్టుకున్నాను.

ఒక మాట ముందే. ఫైనల్ చూడాలి, అన్నిటికన్నా పెద్దదైన షాట్రియే కోర్టులోనే కూర్చోవాలి అనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు. బయటి కోర్టుల టిక్కెట్టు అని ఒకటుంటుంది, ఇక్కడివాళ్ళు 'అనెక్స్' అంటారు. అది కొనుక్కుని మొదటి వారంలో ఒకరోజు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా కోర్టు కోర్టుకీ తిరిగేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఆ టిక్కెట్టుకి సీటు నంబరు ఉండదు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడమే. షాట్రియేలో దాదాపు 15,000 మంది పడతారు. పై వరసలో కూర్చుంటే ఆటగాడు అగ్గిపుల్లంత కనిపిస్తాడు. చిన్న కోర్టులో అయితే సర్వ్ చేసే ముందు అతను వదిలే ఊపిరి కూడా వినిపిస్తుంది. రెండూ చూసినదాన్ని, నా ఓటు చిన్న కోర్టుకే.

టిక్కెట్లు టోర్నమెంటు సొంత సైటులోనే కొనాలి. ఈమధ్య ముందుగా పేరు నమోదు చేసుకుని, లాటరీలో వరస వస్తే ఆ సమయానికి వెళ్ళి కొనుక్కునే పద్ధతి పెట్టారు. మార్చిలో ఆ హడావుడి ఉంటుంది. అది తప్పిపోయినా బెంగలేదు, కొన్నవాళ్ళు రాలేకపోతే అదే సైటులో తిరిగి అమ్ముతారు. రాత్రి పిల్లల్ని పడుకోబెట్టాక ఫోను తీసి చూస్తూ ఉండండి, ఒకటీ అరా కనిపిస్తూనే ఉంటాయి. వేరే ఎక్కడో "గ్యారంటీగా ఇప్పిస్తాం" అనేవాళ్ళ జోలికి మాత్రం పోకండి. మాకు తెలిసిన ఒక జంట అలాగే కొని గేటు దగ్గర్నుంచి వెనక్కొచ్చి మా ఇంట్లో భోంచేసి వెళ్ళారు.

టిక్కెట్టు ఫోనులోనే ఉంటుంది, దాని మీద మనిషి పేరు ఉంటుంది, గేటు దగ్గర గుర్తింపు కార్డుతో పోల్చి చూస్తారు. మన తెలుగువాళ్ళకి అసలు గండం ఇక్కడే. 2024లో నాన్న ఏలూరు నుంచి వచ్చారు. ఆయన పాస్‌పోర్టులో పేరు నాలుగు ముక్కలు. ఇంటిపేరు ఒక గళ్ళో, మిగతా మూడూ ఇంకో గళ్ళో. నేను టిక్కెట్టు కొనేటప్పుడు ఊళ్ళో అందరూ పిలిచే ముక్క ఒక్కటే కొట్టి, ఇంటిపేరు ఉండాల్సిన చోట మా తాతగారి పేరు పెట్టాను. గేటు దగ్గర కుర్రాడు ఫోను చూశాడు, పాస్‌పోర్టు చూశాడు, నాన్న మొహం చూశాడు. "ఇందులో మీ ఇంటిపేరు ఏది?" అన్నాడు. నాన్న గర్వంగా గోత్రం చెప్పడానికి సిద్ధమయ్యారు. ఎలాగో నవ్వి వదిలేశాడు కానీ వెనక లైనంతా మమ్మల్నే చూసింది. కాబట్టి 'నోఁ' అన్న గళ్ళో పాస్‌పోర్టులో సర్‌నేమ్‌గా ఏముంటే అది, 'ప్రెనోఁ' అన్న గళ్ళో గివెన్ నేమ్‌గా ఏముంటే అది, ఒక్క అక్షరం మార్చకుండా కొట్టండి. ముందురోజే సరిచూసుకోండి. ఫోను నిండా ఛార్జింగ్ పెట్టుకోండి.

ఏ రోజు రావాలి? 2006 నుంచి ఆట ఆదివారమే మొదలవుతోంది. సింగిల్స్‌లో మగవాళ్ళు 128 మంది, ఆడవాళ్ళు 128 మంది. మొదటి రౌండంతా ఆది, సోమ, మంగళవారాల్లో అయిపోవాలి కాబట్టి ఆ మూడు రోజులూ ప్రతి కోర్టూ కిటకిటలాడుతుంది. చిన్న కోర్టుల టిక్కెట్టుకి అవే బంగారు రోజులు. బుధ, గురువారాలు కూడా ఫరవాలేదు. రెండో వారం వచ్చేసరికి పేరున్నవాళ్ళు పెద్ద కోర్టుల్లోకి వెళ్ళిపోతారు, చిన్న కోర్టుల్లో జూనియర్లు, డబుల్స్, వీల్‌చైర్ మ్యాచ్‌లు ఉంటాయి. అవి బాగుండవని కాదు. వీల్‌చైర్ టెన్నిస్ ఇక్కడి ఎర్రమట్టి కోర్టు మీద దగ్గర్నుంచి ఒకసారి చూస్తే మళ్ళీ చూడాలనిపిస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే అసలు పోటీకి ముందు వారం రండి, క్వాలిఫయింగ్ జరుగుతుంది. మూడు మ్యాచ్‌లు వరసగా గెలిస్తే గానీ మెయిన్ డ్రాలోకి, అంటే అసలు పోటీలోకి, రాలేనివాళ్ళు ఆడే ఆట అది. ఓడితే ఇంటికే. ఆ తెగువ షాట్రియేలో కూడా అంతగా కనపడదు. మన దేశపు ఆటగాళ్ళు కనపడే అవకాశం కూడా అప్పుడే ఎక్కువ.

రావడం తేలిక, వెళ్ళడమే తికమక. మెట్రో 10వ లైనులో బులోన్ వైపు వెళ్ళే బండెక్కి పోర్త్ దోతోయ్‌లో దిగి జనం వెంట నడిస్తే చాలు. కానీ సాయంత్రం అదే స్టేషన్‌కి తిరిగిరాకండి. ఆ చివర లైను చుట్టుతిరిగి ఉంటుంది. పోర్త్ దోతోయ్‌లో బులోన్ వైపు బళ్ళే ఆగుతాయి, ఊళ్ళోకి వెళ్ళేవి ఆగవు. మా ఆడపడుచు వాళ్ళు అక్కడ అవతలి ప్లాట్‌ఫారం కోసం ఎంతసేపు వెతికారో. తిరుగు ప్రయాణానికి మిషెలాంజ్ మోలితోర్ స్టేషన్‌కి నడవండి, 9, 10 లైన్లు రెండూ దొరుకుతాయి.

ఆట 11 గంటలకి మొదలవుతుంది, షాట్రియేలో మాత్రం 12కి. గేటు దగ్గర తనిఖీలు రెండు మూడు చోట్ల ఉంటాయి, అందుకని పదింటికల్లా లైన్లో ఉండండి. ఏ కోర్టులో ఎవరు ఆడతారన్నది ముందురోజు సాయంత్రమే పెట్టేస్తారు. రాత్రే కూర్చుని మూడు మ్యాచ్‌లు ఎంచుకోండి. నాలుగోది పెట్టుకోకండి, పెళ్ళిళ్ళ రోజు నాలుగు ఊళ్ళు తిరిగినట్టు ఎక్కడా అక్షింతలు వెయ్యకుండానే అయిపోతుంది.

లోపల పటం బుర్రలో పెట్టుకోండి: మధ్యలో షాట్రియే, పడమర వైపు రెండో పెద్ద కోర్టు లాంగ్లెన్, తూర్పు చివర సిమోన్ మాత్యూ కోర్టు. లాంగ్లెన్ దాటి ఇంకా పడమరకి వెళ్తే కోర్టు 14 వస్తుంది. గోతిలోకి దిగినట్టు ఉంటుంది, చుట్టూ మెట్లు. ఫ్రెంచి కుర్రాడెవరైనా అక్కడ ఆడుతుంటే ఆ గోల వినాలి. ఎవరో "పో పో పో పో" అని బాకా రాగం తీస్తారు, అందరూ కలిసి "ఓలే!" అంటారు. రెండోసారికి మీరూ అంటారు. సిమోన్ మాత్యూ కోర్టుకి టిక్కెట్టు వేరే, కానీ చుట్టూ నడిచి రావడానికి డబ్బులక్కర్లేదు. కోర్టు నాలుగు వైపులా అద్దాల ఇళ్ళు కట్టి, నాలుగు ఖండాల మొక్కలు పెంచుతున్నారు. సిమోన్ మాత్యూ 1938, 39 ల్లో ఇక్కడ గెలిచి, తర్వాత యుద్ధంలో ఫ్రెంచి సైన్యపు మహిళా దళాన్ని నడిపిన మనిషి. అసలు రోలాండ్ గారోస్ కూడా టెన్నిస్ ఆటగాడు కాదు, విమానం నడిపినాయన. 1913లో మధ్యధరా సముద్రాన్ని ఎక్కడా ఆగకుండా దాటాడు, 1918లో యుద్ధంలో పోయాడు. చివరి 'స్' పలకాలి, 'గారో' అనకండి, ఇక్కడివాళ్ళు సరిదిద్దుతారు.

సీటు సంగతి. కోర్టులు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. మధ్యాహ్నం తర్వాత పడమటి గట్టున కూర్చుంటే ఎండ వీపు మీద పడుతుంది, తూర్పు గట్టున కూర్చుంటే కళ్ళల్లో పడుతుంది. సైడ్లు మారేటప్పుడే లోపలికి వదులుతారు కాబట్టి తాడు దగ్గర నిలబడి ఓపిక పట్టండి. ఆడవాళ్ళ మ్యాచ్ మూడు సెట్లే, అది అయిపోగానే సగం గ్యాలరీ కాఫీకి లేస్తుంది. అప్పుడు దూరి ముందు వరస పట్టుకుంటే తర్వాతి అయిదు సెట్ల మగవాళ్ళ మ్యాచ్‌కి మీరే జమీందార్లు. ఒక్కటే షరతు, మీలో ఒకరు ఎప్పుడూ కూర్చునే ఉండాలి. వీలైతే బేస్‌లైన్, అంటే కోర్టు చివరి అడ్డగీత, మూల దగ్గర కూర్చోండి. ఎందుకో చెప్తాను, ఈ వ్యాసం రాయడమే అందుకు.

నాన్న బ్యాంకులో పనిచేసిన రోజుల్లో ఏలూరులో క్లబ్బు మట్టి కోర్టు మీద ముప్ఫై ఏళ్ళు ఆడారు. సాయంత్రం మార్కర్ వచ్చి నీళ్ళు చల్లి, రోలర్ తిప్పి, సున్నంతో గీతలు వేసేదాకా ఎవరినీ అడుగు పెట్టనిచ్చేవాడు కాదట. ఇక్కడ ఒక చిన్న కోర్టు పక్కకి రాగానే నాన్న ఆటగాళ్ళని చూడలేదు. కంచె పక్కన గొంతుక్కూర్చుని, రాలిన ఎర్రపొడి వేళ్ళతో నలిపి, "ఇది మట్టి కాదే, ఇటుక" అన్నారు. నిజమే. పైన కనిపించే ఎరుపు ఇటుక పొడి, మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. దాని కింద ఆరేడు సెంటీమీటర్లు తెల్ల సున్నపురాయి పొడి, ఆ కింద బొగ్గు చిట్టెం, ఇంకా కింద కంకర, అన్నిటికన్నా అడుగున నీళ్ళు దిగడానికి రాళ్ళు. అంటే అసలు కోర్టు తెల్లనిదే, మొహానికి కుంకుమ రాసుకుందంతే. నీళ్ళు తడపకపోతే ఆ కాస్తా గాలికి లేచిపోతుంది.

ఆ పలచటి పొడి మీదే ఆటంతా రాసి ఉంటుంది, చదవడం నేర్చుకోవాలి. ఇతర పెద్ద టోర్నమెంట్లలో గీత మీద పడిందా లేదా అని యంత్రం చెప్తుంది. ఇక్కడ 2025లో కూడా గీతల దగ్గర నిలబడి చెప్పే లైన్ జడ్జీలే ఉన్నారు. అనుమానం వస్తే అంపైర్ కుర్చీ దిగి వచ్చి బంతి పడ్డ మచ్చ చూస్తాడు. గీతకీ మచ్చకీ మధ్య ఎర్రపొడి సన్నగానైనా కనిపిస్తే అవుట్. గీతని ఆనుకుని ఉన్నా, గీత దగ్గర తెగిపోయినట్టున్నా ఇన్, ఎందుకంటే మిగతా సగం గీత మీద పడింది, అక్కడ ముద్ర సరిగ్గా తేలదు. మూలన కూర్చుంటే అంపైర్ దిగే లోపే మీరు తీర్పు ఇచ్చేయొచ్చు. నాన్న ఆ రోజు అయిదు తీర్పుల్లో నాలుగు సరిగ్గా చెప్పారు. అయిదోది అంపైరే తప్పు అని ఇప్పటికీ అంటారు.

మచ్చ ఆకారం కూడా చూడండి. బల్లపరుపుగా గట్టిగా కొట్టిన బంతి పొడుగ్గా గీరుకుంటూ పోతుంది. నెట్ దాటగానే పడేలా మెల్లగా వేసి, పైనుంచి దిగిన డ్రాప్ షాట్ రూపాయి బిళ్ళలా గుండ్రంగా పడుతుంది. అలాగే కాళ్ళ జాడలు. మంచి మట్టి ఆటగాడు బంతి కొట్టాక జారడు, జారుతూ వచ్చి ఆగే చోట కొడతాడు. జాడ బంతి దగ్గర ముగిస్తే వాడికి మట్టి తెలుసు, బంతి దాటి ఇంకా పోయి ఉంటే ఆలస్యమైందని లెక్క. సెట్టు మధ్యలో కోర్టు మొత్తం ఒకసారి చూడండి. ఎవరి వైపు బేస్‌లైన్ వెనక జాడలు ఎక్కువ ఉంటే వాళ్ళు పరిగెడుతున్నారు, అవతలివాడు పరిగెత్తిస్తున్నాడు. స్కోరు బోర్డు కన్నా ఇది ముందే చెప్తుంది. ఇంతా చేసి సెట్టు అయిపోగానే పనివాళ్ళు పెద్ద వలపట్టాలు లాక్కుంటూ వచ్చి అంతా తుడిచేస్తారు, ఒకరు చీపురుతో గీతలు ఊడుస్తారు. పలక కడిగినట్టే. ఆ రెండు నిమిషాలు ఫోను చూసుకోకండి.

వాతావరణం గురించి: ఒకే సంచిలో టోపీ, రెయిన్‌కోటు రెండూ పెట్టుకోండి. ఎండ కాస్తే పై పొడి ఎండి బంతి భుజాల దాకా లేస్తుంది, స్పిన్ కొట్టేవాళ్ళకి పండగ. మబ్బు పట్టి చెమ్మగా ఉంటే బంతి పొడిని పట్టుకుని బరువెక్కి లేవనంటుంది, ర్యాలీలు సాగుతాయి. వాన వస్తే షాట్రియేకి 2020 నుంచి, లాంగ్లెన్‌కి 2024 నుంచి పైకప్పు ఉంది. మన చిన్న కోర్టుల్లో టార్పాలిన్లు వేస్తారు, అవీ కోర్టుకే, మనకి కాదు.

మేం వెళ్ళింది 2024 మే 27, సోమవారం. షాట్రియేలో నాదల్‌కీ జ్వెరెవ్‌కీ మ్యాచ్, పైకప్పు మూసి ఆడుతున్నారు. మేం పక్కన తోటలో పెద్ద తెర ముందు రెయిన్‌కోట్లు వేసుకుని నిలబడ్డాం. లోపలి అరుపు ముందు వినిపించేది, తెర మీద బంతి తర్వాత కనిపించేది. నాదల్ అంటే ఇక్కడ 14 సార్లు గెలిచిన మనిషి, అప్పటికి మూడే మూడు సార్లు ఓడినవాడు, మొదటి రౌండులో మూడు వరస సెట్లలో పోతున్నాడు. పక్కన ఒకావిడ మౌనంగా కళ్ళు తుడుచుకుంటోంది. జల్లు తగ్గగానే నాన్న నా చెయ్యి పట్టుకుని, "పద అమ్మాయ్, ఆ చిన్న కోర్టు దగ్గరికి పోదాం. టీవీ ఏలూరులో కూడా ఉంది" అన్నారు. మేం వెళ్ళేసరికి టార్పాలిన్లు మడుస్తున్నారు. నలుగురైదుగురు ఒక లయలో, చీర మడతపెట్టినట్టు. నాన్నకి ఆ రోజు అన్నిటికన్నా నచ్చింది అదే.

స్కోరు ఫ్రెంచిలో చెప్తారు, కంగారు పడకండి. కేంజ్ అంటే 15, త్రాంత్ 30, కరాంత్ 40, ఎగాలితే అంటే డ్యూస్ (ఇద్దరూ 40), అవాంతాజ్ అంటే అడ్వాంటేజ్ (ఆ తర్వాత ఒకరు ఒక పాయింటు ముందుండటం). స్కోరు సమానంగా ఉంటే వెనక 'ఆ' చేరుస్తారు, కేంజ్ ఆ, త్రాంత్ ఆ అని. గంటలో అలవాటైపోతుంది. ఆఖరి సెట్టు 6-6 అయితే 2022 నుంచి పది పాయింట్ల టైబ్రేక్. మూత్రశాలకి మాత్రం పెద్ద మ్యాచ్ ముగిసే ముందే వెళ్ళండి, ముగిశాక వెళ్తే మీ మ్యాచ్ పోయినట్టే.

తిండి లోపల ఖరీదు, అందులోనూ శాకాహారులకి చీజ్ బ్రెడ్డు తప్ప పెద్దగా ఉండదు. నేను ప్లాస్టిక్ డబ్బాలో పులిహోర కట్టాను. తనిఖీలో మూత తీసి, పసుపు రంగు చూసి, "రిసోత్తో?" అంది ఆ అమ్మాయి. అవునన్నాను. గాజు సీసాలు తేకండి, ఖాళీ నీళ్ళ సీసా తెచ్చుకుంటే లోపల కుళాయిల దగ్గర నింపుకోవచ్చు. తెల్ల బూట్లు వేసుకోకండి.

డబుల్స్ మ్యాచ్ ఒకటైనా చూడండి, మనవాళ్ళ చరిత్ర ఇక్కడ అందులోనే ఉంది. గ్రాండ్‌స్లామ్ టైటిల్ గెలిచిన తొలి భారతీయుడు మహేశ్ భూపతి, 1997లో ఇక్కడే, జపాన్ అమ్మాయి రికా హిరాకితో మిక్స్‌డ్ డబుల్స్. 2012లో అదే టైటిల్ మన హైదరాబాద్ సానియా మీర్జాతో కలిసి మళ్ళీ గెలిచాడు. అంతకు ముందేడు సానియా ఇక్కడే మహిళల డబుల్స్ ఫైనల్ దాకా వెళ్ళింది. డబుల్స్ చిన్న కోర్టుల్లోనే ఎక్కువ పడుతుంది, నలుగురూ గుసగుసలాడుకునేది కూడా వినిపిస్తుంది.

రాలేనివాళ్ళకి లెక్క: ఆ రోజుల్లో పారిస్ కన్నా మన గడియారం మూడున్నర గంటలు ముందు. 11 గంటల ఆట మనకి మధ్యాహ్నం రెండున్నర, రాత్రి 8:15 మ్యాచ్ మనకి పన్నెండుకి పావు తక్కువ. 2025 మగవాళ్ళ ఫైనల్ నాన్న ఏలూరులో చూశారు. అల్కరాజ్, సినర్, 5 గంటల 29 నిమిషాలు, ఇక్కడ అంత పొడుగు ఫైనల్ ఇంకోటి లేదు. నాలుగో సెట్టులో సినర్‌కి మూడు చాంపియన్‌షిప్ పాయింట్లు, అంటే ఒక్క పాయింటుతో కప్పు గెలిచే అవకాశాలు మూడు, వచ్చినప్పుడు ఫోను చేసి, "అయిపోయింది, పడుకుంటున్నా" అన్నారు. అర్ధరాత్రి దాటాక మళ్ళీ చేశారు. పడుకోలేదట. గెలిచింది అల్కరాజ్. ఆఖర్న అతని జాడలు ఎక్కడ ఆగుతున్నాయో చూశావా అని అడిగారు. చూడలేదు నేను, బంతి చూస్తున్నాను.

మళ్ళీ వస్తానంటున్నారు. ఈసారి లాటరీలో ఇద్దరి పేర్లూ వేశాను. ఆయన పేరు నాలుగు ముక్కలూ పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని కొట్టాను.